మదనపల్లె నుంచి కుప్పానికి ఒక ఆకు

ఉదయం తొమ్మిదింటికి మదనపల్లెలో కుప్పం బస్సెక్కాను. ఒళ్ళో ఐసు పెట్టె, అందులో సీలు వేసిన కవరు, కవరులో తెల్లారుతూనే కోసిన ఒకే ఒక టమోటా ఆకు. దాన్ని తలచుకుంటే నా కాలు నేల మీద నిలవడం లేదు. రైతు వెంకటప్ప తోటంతా వైరస్‌తో ముడుచుకుపోయింది, నడుమ ఒక్క చెట్టు మాత్రం పచ్చగా నిలబడింది. నా మూడేళ్ళ పరిశోధనలో అలాంటి చెట్టు కనబడటం ఇదే మొదలు. కుప్పంలో మా ల్యాబు చేరేదాకా ఆకు చల్లగా ఉంటే చాలు.

కండక్టరు నాకు ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు కొట్టి పెట్టె వైపు చూశాడు. "దీనికి కూడా ఫ్రీయేనామ్మా?"

పక్క సీట్లో పూలబుట్టతో ఉన్న అవ్వ అడిగింది. "ఏముండాదమ్మా దాంట్లో? ఐస్‌క్రీమా?"

నన్ను కదిలిస్తే ఊరుకుంటానా! కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే బుల్లి పోగులుంటాయని, ఏ జన్యువు ఎంత పని చెయ్యాలో అవి అదుపు చేస్తాయని, వైరస్ రాగానే కొన్ని పెరిగి కొన్ని తగ్గి రోగనిరోధక శక్తినే మార్చేస్తాయని, ఒక్కోసారి వైరసే వాటిని తనవైపు తిప్పుకుంటుందని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మధ్యమధ్య మూత తీసి ఆకు చూపించాను, మూడుసార్లు.

"ఆ పోగులు నా ఒంట్లో కూడా ఉండాయా?"

"ఉన్నాయవ్వా."

"మరి నా జలుబు యాల పోదు?"

బస్సంతా నవ్వింది.

పది దాటాక పుంగనూరులో ఇడ్లీ పొట్లం విప్పుతుండగా వెంకటప్ప ఫోను.

"అమ్మా, సెట్టుకి ఆకే లేదు. నువ్వు సేతులకి తొడుగులేసుకోని కోసింది ఊరంతా సూసింది గదా. మందాకనుకోని తలా ఒకటి పీక్కోని పోయినారు. నూరి తోటలకి సల్లుకుంటాండారు."

"చెట్టయినా ఉందా?"

"మా బావమరిది పీకి వాళ్ళ తోటలో నాటినాడు. అదీ వాడిపోయె."

ఇక మిగిలింది నా ఒళ్ళోని ఆకే. మూత తీస్తే ఐసు సగం నీళ్ళయింది. వేడి తగిలితే ఆ పోగులు తెగిపోతాయి. గొప్పలకు పోయి పాడు చేసుకున్నది నేనే. ఏడుపొక్కటే తక్కువ. సంగతి కండక్టరుకు చెప్పాను.

పదకొండుకు పలమనేరులో బస్సు ఆగీ ఆగకముందే అతను కేకేశాడు. "టీ తర్వాతప్పా, ముందు ఐసు!"

ఇద్దరు ప్రయాణికులు సోడా కొట్టుకు పరుగెత్తారు. అవ్వ చెరుకు రసం బండి దగ్గరికి పోయి, "ఐసుగడ్డ ఈరా, ఒక ఆకు సచ్చిపోతాండాది" అంది. బండాయన బిత్తరపోయి పెద్ద గడ్డే ఇచ్చాడు. పెట్టె నిండింది. అవ్వ దాని మీద మూర మల్లెపూలు కూడా చుట్టింది. కుప్పం చేరేసరికి ఒంటిగంటన్నర. మళ్ళీ మూత తీస్తే ఒట్టు.

మర్నాడు మధ్యాహ్నానికి పరీక్ష తేలింది. పోగులు చెక్కుచెదరలేదు. ల్యాబులో నేనేసిన గంతులకు పక్క గదిలోవాళ్ళు వచ్చి చూశారు.

వెంకటప్పకు సంగతి చెప్పాలని మూడింటికే తిరుగు బస్సెక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు పలమనేరులో చెరుకు రసం తప్పక తాగండి, బండాయనకు నా నమస్కారం చెప్పండి. బస్సులో నిన్నటి కండక్టరే. టికెట్టు సంగతి ఎత్తకుండానే అడిగాడు.

"మన ఆకు ఎట్లుండాదమ్మా?"

మూడేళ్ళుగా నేను కోసిన ఆకులన్నీ నావే అనుకున్నాను. అతను 'మన' అనేసరికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"బాగుందన్నా!"

అతను విజిల్ ఊది, ఏమీ తెలియని కొత్త ప్రయాణికులందరికీ వినబడేలా అరిచాడు. "ఆకు బాగుండాదంటప్పా! పోనీ!"