బొట్టు పోని మిషన్

మా ఆయనకు గుడ్డ అంటే పడదు. ఒంటి మీద గుడ్డ కాదు, బండి మీద గుడ్డ. తడిగుడ్డ పెట్టి తుడిస్తే అందులో ఇరుక్కున్న ఇసుక పెయింటును గీస్తుందట. హోసూరు ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే పని ఆయనది, కాబట్టి గీతల సంగతి ఆయన చెప్పిందే వేదం. ఇంట్లో గిన్నెలు నేను పీచు పెట్టి బరబరా తోముతుంటే నోరెత్తని మనిషి, బండి దగ్గర నా చేతిలో పాతచీర ముక్క కనబడితే చాలు, పామును చూసినట్టు అరుస్తాడు.

పోనీ ఆ బండి ఆయన సంపాదించిందా అంటే అదీ లేదు. మా నాయన మోటారు సైకిల్ అది. అత్త సొమ్ము అల్లుడు దానం అని ఊరికే అన్నారా!

వేప్పనపల్లి దగ్గర మా పుట్టిల్లు. మామిడితోట. నాయన ఆ బండి మీదే కృష్ణగిరి మండీకి తిరిగాడు, మమ్మల్ని బడికి దింపాడు, అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయాడు. అమ్మ పోయాక మళ్లీ దాన్ని ముట్టలేదు. తోటలో కొట్టం కింద గోనెపట్టా కప్పి నిలబెట్టాడు. దాని మీద కోళ్లు పడుకున్నాయి, మామిడిబంక కారింది, ఇంజను సందుల్లో ఎర్రమట్టి గట్టిపడిపోయింది. చివరికి ఒకరోజు మా ఆయనతో, "ఎత్తుకపోప్పా, ఆడ ఊరికే తుప్పు పడతా ఉండాది" అన్నాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది.

బండి హోసూరికి వచ్చింది. వచ్చిన రోజే నేను దాన్ని చూశాను. హెడ్‌లైటు నెత్తిన, కోళ్ల రెట్టకూ మట్టికీ నడుమ, అమ్మ పెట్టిన బొట్టు ఉంది.

మా వైపు ఆయుధపూజ అంటే మాటలు కాదు. నాగలి, పారతో మొదలుపెట్టి సైకిలు, బస్సు, ఫ్యాక్టరీలో పెద్ద మిషన్ల దాకా అన్నింటికీ కడిగి బొట్టు పెట్టాల్సిందే. అమ్మ కుంకుమలో ఒక చుక్క ఆముదం వేసి రంగరించేది, ఎండిపోయి రాలకుండా. బొటనవేలితో హెడ్‌లైటు మీద గట్టిగా అద్దేది. ఏ ఏడాదీ నడిమధ్యన పెట్టిన పాపాన పోలేదు, ఎప్పుడూ ఎడమ పక్కకు ఒరిగి ఉండేది. ఆమె పోయిన ఏడాది మాకు పండగల్లేవు. పండగ లేదు కాబట్టి బండికి పూజ లేదు. పూజ లేదు కాబట్టి అంతకు ముందటేడు అమ్మ పెట్టిన బొట్టు అట్లాగే నిలిచిపోయింది. ఆమె చీరలు నా దగ్గరున్నాయి, ఫోటో ఉంది. అవన్నీ ఒక ఎత్తు, ఆ బొట్టు ఒక ఎత్తు. అందులో అమ్మ వేలు పడిన గుంట కనబడుతుంది.

ఆయుధపూజ దగ్గరికొచ్చింది. ఈసారి పూజ చేయవచ్చు. "నేనే వస్తాను, బండి శుభ్రంగా పెట్టండి" అని నాయన కబురు పెట్టాడు. నేను మా ఆయనను కూర్చోబెట్టి ముందే చెప్పేశాను.

"బండి అద్దం మాదిరి ఉండాల. అమ్మ బొట్టు మాత్రం పోకూడదు. అది పోయిందో, నీకు ఈ ఇంట్లో కూడు లేదు బావా."

మా ఆయన నాకు మేనత్త కొడుకే. కోపంలో కూడా బావే.

"అత్త పెట్టిన బొట్టు పోవాలని నాకుంటుందా యేమే?" అని నొచ్చుకున్నాడు. "గుడ్డ పెట్టి రుద్దితేనే కదా పొయ్యేది. నీళ్లు కొట్టే మిషన్ అయితే మనిషి చెయ్యే తగల్దు. బొట్టు పక్కన వదిలేసి కొట్టుకోవచ్చు. పెయింటు కూడా సేఫు."

ఆ తెలివికి అప్పుడు నేను కూడా మురిసిపోయాను, ఏం చెప్పేది! ఇక ఏ మిషన్ అనేదే మిగిలింది.

మొదట శూలగిరి హైవే మీద లారీలు కడిగే చోటికి పోయాం. అక్కడ టమాటా లారీ ఒకదానికి స్నానం జరుగుతోంది. పైపు పట్టుకున్నతను లారీ మొహం మీదికి ఒక్క దెబ్బ కొట్టేసరికి ముందు వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయల దండ తెగి గుంటలో పడింది. రెండో దెబ్బకు బంపరు మీద రాసిన దిష్టిబొమ్మకు ఒక కన్ను ఊడిపోయింది.

"రాండి రాండి, బండి ఇట్ల నిలబెట్టండి" అని అతను మా వైపు తిరిగాడు.

నేను బండి ముందు చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాను. "హెడ్‌లైటు మింద బొట్టుండాది. అది పోకుండా కొట్టేదానికి అవుతుందా అప్పా?"

అతను ఒంటికన్ను దిష్టిబొమ్మను చూపించాడు. "పెయింటే నిలవలేదు, బొట్టు నిలుస్తుందామ్మా? నిజం చెప్తా ఉండాను, పోండి."

నిజం చెప్పినందుకు నేను దండం పెట్టాను. మా ఆయన మాత్రం దారి పొడుగునా "ప్రెషర్ ఎక్కువ, ప్రెషర్ ఎక్కువ" అని గొణుక్కుంటూనే వచ్చాడు.

అంత ఎక్కువని తెలిసిన మనిషి ఆ వారంలోనే ఇంటికి ఏం తెచ్చాడో చెబితే నమ్మరు. బర్గూరులో గ్రానైట్ పాలిష్ చేసే చోట ఆయన స్నేహితుడున్నాడు. అక్కడ రాతిబురద కడిగే మిషనును ఆటోలో ఎక్కించుకొచ్చాడు. దించడానికే ఇద్దరు మగవాళ్లు కావలసి వచ్చింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అది మా వాకిట్లో దిగింది.

"దీన్ని తగ్గించుకోవచ్చునంట" అన్నాడు.

"ముందు వేరే దాని మింద కొట్టి చూపించు. నా బండి మింద కాదు" అన్నాను. అప్పటికే అది నా బండి అయిపోయింది.

ఇంట్లో ఆయుధపూజకని తెచ్చిపెట్టిన బూడిద గుమ్మడికాయ ఉంది. దిష్టి తీసి కొట్టేందుకు. దానికి ఆముదం కుంకుమ రంగరించి అమ్మ మాదిరే ఒక బొట్టు అద్దాను. ఎండనిచ్చి తులసికోట పక్కన గట్టు మీద పెట్టాను. మా ఆయన కాళ్లు ఎడంగా పెట్టి, పైపు భుజానికి ఆనించి, సరిహద్దులో సైనికుడిలా నిలబడ్డాడు. మీట నొక్కాడు. బొట్టు పోయిందా లేదా అని చూసే భాగ్యం మాకు దక్కలేదు. బొట్టున్న చోట కాయకు చిల్లి పడింది. కాయ గిర్రున తిరిగి గట్టు మీద నుంచి దొర్లి, మెట్ల మీద పడి రెండు చెక్కలైంది.

పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏమ్మా, పూజ ఇంకా రానేలేదే, అప్పుడే కాయ కొట్టేసినారా?"

"ఈయనకే దిష్టి తీసినాంలేక్కా" అన్నాను. ఆ మిషన్ మళ్లీ ఆటో ఎక్కింది. ఆ రాత్రి మా ఇంట్లో గుమ్మడికాయ కూటు.

ఆ తర్వాత నేనే రంగంలోకి దిగాను. ఆయనను నమ్ముకుంటే గోవిందా! బిస్కెట్ డబ్బాల మూతలు, పాత టిఫిన్ క్యారియర్ మూతలు పోగుచేసి, ఒక్కోదాని మధ్యలో ఆముదం బొట్టు పెట్టి, చుట్టూ ఎర్రమట్టి పూసి మిద్దె మీద ఎండబెట్టాను. వడియాలు ఎండబెట్టినట్టు కాకులను కూడా తోలాను. బాగా గట్టిపడ్డాక వాటిని సంచిలో వేసుకుని, మా ఆయనను వెంటబెట్టుకుని, బస్టాండు దగ్గర మోటార్లు, పంపులు అమ్మే అంగడికి పోయాను. ఇళ్లల్లో వాడుకునే చిన్న మిషన్లు బెంగళూరు నుంచి అప్పుడప్పుడే అక్కడికి వస్తున్నాయి.

అంగడాయన మనవాడే, తెలుగు మాట్లాడేవాడే. మిషన్ వెనక వాకిట్లో పెట్టి, పాచి పట్టిన గచ్చు మీద నీళ్లు కొట్టి చూపించాడు. పాచి లేచిపోయి తెల్లటి చార పడింది.

"చూడమ్మా! ఎన్నేండ్ల మురికైనా సరే, నిలవదు" అన్నాడు గర్వంగా.

"నిలవాలప్పా" అన్నాను.

"ఏమి?"

"మట్టి పోవాల. బొట్టు నిలవాల." సంచిలో నుంచి మూతలు తీసి గచ్చు మీద వరసగా పేర్చాను.

ఆయన మూతలను చూశాడు, నన్ను చూశాడు, తర్వాత మా ఆయనను చూశాడు. మా ఆయన చప్పున తిరిగి గోడకు తగిలించిన పైపుల రేట్లు చదవడం మొదలుపెట్టాడు.

"అమ్మా, పొయ్యేదానికే కదమ్మా మిషన్ చేసేది! బొట్టు పోకూడదంటే కొట్టకుండా ఇంట్లో పెట్టుకోండి."

"అట్లయితే మట్టి ఎవరు కడిగేది? మీరు వస్తారా?"

నాకు నోరు ఎక్కువని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. అంగడాయన నిట్టూర్చి మిషన్ ఎత్తుకున్నాడు. మొదటి మిషన్‌కు సన్నటి ధార ఒక్కటే వస్తుంది. దానితో మట్టి, బొట్టు, మూత మూడూ కలిసి పక్క సందులోకి ఎగిరిపోయాయి. రెండోదానికి మూతి తిప్పితే ధార విసనకర్రలాగా వెడల్పవుతుంది, జోరు తగ్గించే మర కూడా ఉంది. దగ్గర నుంచి కొడితే బొట్టు పోయింది. ఒక అడుగు వెనక్కి జరిగితే సగం పోయింది. ఇంకా వెనక్కి, గోడకు వీపు ఆనేదాకా జరిపించాను. మట్టి మెల్లగా నానింది, కరిగింది, కారిపోయింది. మూత తళతళలాడింది. దాని నడుమ బొట్టు, అంచులు కొంచెం పలచబడి, ఎర్రగా నిలిచింది!

నేను పట్టలేక చప్పట్లు కొట్టేశాను.

"ఇన్నేండ్లుగా అంగడి పెట్టుకొనుండాను, మిషన్ సరిగ్గా కడగలేదని చప్పట్లు కొట్టిన పార్టీని ఇప్పుడే చూస్తా ఉండాను" అన్నాడు అంగడాయన. అట్లా అన్నా మంచివాడే. కట్టి ఇస్తూ మా ఆయనకు పాఠం కూడా చెప్పాడు. ఇంజను చల్లారినాకే కొట్టాలి. సైలెన్సర్ మూతికి ప్లాస్టిక్ కవరు కట్టాలి. చక్రాల నడుమ బేరింగులకూ, చైనుకూ, కార్బురేటరుకూ, హారనుకూ ఎదురుగా కొట్టకూడదు. మా ఆయన అన్నింటికీ తల ఊపాడు. మగవాళ్లు తల ఊపితే విన్నట్టు కాదని నాకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది.

పూజకు ముందురోజు ఉదయం కడుగుడు. మా ఆయన ఫ్యాక్టరీ కళ్లద్దాలు, రెయిన్‌కోటు వేసుకుని దిగాడు. సైలెన్సరుకు కవరు కట్టాడు. నేను హెడ్‌లైటు మీద చిన్న గిన్నె బోర్లించి, దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాను. పసిబిడ్డకు తలంటు పోసేటప్పుడు కళ్లలో నీళ్లు పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెడతామే, అట్లా.

"అంగట్లో అంత చూసి తెచ్చుకుంటిమి కదే, మళ్లా గిన్నె ఏమిటికి?" అన్నాడు.

"మిషన్ మింద నమ్మకముండాది బావా, నీ మింద లేదు."

ఆయన కొట్టాడు. కోళ్ల రెట్ట పోయింది, బంక పోయింది, ఇంజను సందుల్లోని మట్టి ఎర్రటి కాలువై వీధిలోకి పారింది. నేను నెత్తి నుంచి కాళ్ల దాకా తడిసి ముద్దయ్యాను. చివరికి గిన్నె ఎత్తి చూస్తే బండంతా మెరుస్తోంది. హెడ్‌లైటు నెత్తిన మాత్రం గిన్నె అంత గుండ్రంగా పాతమట్టి, దాని మధ్యలో అమ్మ బొట్టు. ఒక్క పొడి రాలలేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మరునాడు నాయన మొదటి బస్సుకే దిగాడు. ఒక చేతిలో పూలు, నిమ్మకాయలు, ఇంకో చేతిలో గుమ్మడికాయ. పగిలిన కాయ సంగతి పక్కింటావిడ ఫోనులో చెప్పేసిందేమో మరి. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "బాగుండాదిప్పా" అన్నాడు అల్లుడితో. మా ఆయన ఛాతీ ఉబ్బింది. నాయన హెడ్‌లైటు దగ్గరికొచ్చి ఆగాడు. ఆ మట్టిని, బొట్టును చాలాసేపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీశాడు, చెంబులో ముంచాడు, పిండాడు, బొట్టు మీద పెట్టి ఒక్క తుడుపు తుడిచేశాడు.

"నాయనా! ఏం చేస్తివి!"

నా గొంతు వీధి చివర దాకా వినబడి ఉంటుంది. బండి మీద గుడ్డ పడినందుకు మా ఆయన కూడా "మామా!" అన్నాడు గానీ, నా మొహం చూసి నోరు మూసుకున్నాడు. నాకు నాయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అన్ని రోజుల పాటు, అన్ని మిషన్ల నుంచి కాచుకున్నది ఒక్క తువ్వాలు కొసకు పోయింది. నేను మెట్టు మీద కూలబడి పెద్దగా ఏడ్చాను.

నాయన తడబడలేదు. మిగిలిన మట్టి కూడా నెమ్మదిగా తుడిచాడు.

"ఏమిటికమ్మా ఏడుస్తావు? ఏటేటా పాతది తుడిచేది నేను, కొత్తది పెట్టేది మీ యమ్మ. తుడవకుండా ఉంటే కొత్తది యాడ పెడతావు? నా పని అయింది." కుంకుమ గిన్నె నా ముందు పెట్టాడు. "ఆయమ్మ పని నువ్వు చెయ్యి."

లేచాను. ఆముదం వేసి రంగరించాను. బొటనవేలితో గట్టిగా అద్దాను. వెనక్కి జరిగి చూస్తే బొట్టు ఎడమ పక్కకు ఒరిగింది.

"చూడప్పా, అదే వంకర!" అని నాయన మా ఆయన వీపు మీద చరిచి నవ్వాడు. నవ్వుతూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. బండి ఎక్కి వాటిని తొక్కించాలి కదా, మా ఆయన కిక్కు కొట్టాడు. కొట్టాడు, కొట్టాడు. బండి ఉలకదు పలకదు. ఎదురుగా కొట్టకూడదని అంగడాయన చెప్పిన చోటల్లా నీళ్లు పోయినట్టున్నాయి. "చానా తాగిందిప్పా, అరిగేదాకా ఉండనీ" అన్నాడు నాయన. ముగ్గురం కలిసి తోసే నిమ్మకాయలు చిదిపించాం.

సాయంత్రం నాయన బస్సుకు బయలుదేరాడు. తువ్వాలు ఎప్పటిలా భుజం మీద లేదు. ఎర్రమరక లోపలికి వచ్చేట్టు నాలుగు మడతలు వేసి సంచిలో అడుగున పెట్టుకోవడం నేను చూశాను.

"ఇట్లియ్యి నాయనా, ఉతికి ఇస్తాను" అన్నాను.

సంచిని గబుక్కున చంకలో పెట్టుకున్నాడు.

"వద్దులేమ్మా" అన్నాడు. "మీ ఇంట్లో మిషనుండాది."