లారీకి ఎదురొచ్చిన కోడళ్లు

మొన్న మా మనవడు పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్లో ఏదో వార్త చదివి వినిపించాడు. ప్రపంచమంతా లారీలు అమ్మే ఒక పెద్ద కంపెనీకి ఈ ఏడాది అన్నీ మైలురాళ్లేనట, ఇంకో దేశంలో ఫ్యాక్టరీ తెరిచిందట, కరెంటుతో నడిచే లారీ చేసిందట. ఇన్ని లక్షల బండ్లు అని లెక్క కూడా చెప్పాడు గానీ అది నా చెవికెక్కలేదు. మా అత్తవారింటికి మొట్టమొదట వచ్చిన లారీ ఆ కంపెనీదే. వాళ్ల సంగతి ఏమో గానీ, ఆ లారీ వచ్చిన సంవత్సరం మా ఇంట్లో జరిగినవన్నీ నాకు నిన్నగాక మొన్న జరిగినట్టే ఉన్నాయి. అందులో సగానికి పైగా నేను కుళ్లుకోవడమే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు అవి. మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మా మామగారిది పలకల వ్యాపారం. గనుల నుంచి వచ్చిన రాయిని పల్చగా చీల్చి, చెక్క చట్రాలు బిగించి, గడ్డి పరిచిన పెట్టెల్లో సర్ది ఎద్దుల బండ్ల మీద రైలు స్టేషనుకు తోలేవాళ్లు, దారిలో ఎన్ని పగిలేవో ఆ దేవుడికే తెలియాలి. ఆ బాధ పడలేక మామగారు గుండె దిటవు చేసుకుని, మద్రాసులో ఇంజనూ చక్రాలూ తప్ప ఏమీ లేని ఉత్త బండిని కొని, బెజవాడలో దానికి చెక్క బాడీ కట్టించి తెచ్చారు. నేను రాచర్ల నుంచి ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చింది కూడా ఆ ఏడాదే. అయితే బజారు బజారంతా చూడటానికి వచ్చింది లారీని, నన్ను కాదు.

ప్రయాణానికి బయలుదేరేటప్పుడు ముత్తైదువ నీళ్లబిందెతో ఎదురొస్తే మంచిదని మన కాలం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లారీ మొదటిసారి పలకలతో నంద్యాలకు కదలబోతుంటే మా తోడికోడలు, అంటే మా బావగారి భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, బావి నుంచి బిందె ఎత్తుకుని అటుగా వచ్చింది. ఆ లోడులో ఒక్క పలక కూడా పగలలేదు. అంతే, ఆమె ఎదురు లేనిదే లారీ కదలకూడదని మామగారూ, లారీ తోలే సాయిబూ ఇద్దరూ తీర్మానించుకున్నారు. సాయిబు నమాజు చేసుకుని వచ్చి, ఇంజను స్టార్టు చేసి, ఆమె వచ్చేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. అక్క జరీచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని, తీరిగ్గా నడిచి వచ్చేది. ఆ బిందెను చింతపండు పెట్టి తోమేది నేను, అందులో నీళ్లు తోడి పోసేది నేను. అరుగు మీద నిలబడి చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. నా మొహం అంత పనికిరానిదా అని మా ఆయనను అడిగితే, "ఊరుకోవే, పొయ్యేది పలకలు గదా, నీకెందుకు" అన్నాడు. తండ్రి ముందు నోరు మెదపని మనిషి, నా మీద మాత్రం నోరు బాగానే లేచేది.

కుళ్లు కళ్లకు అడ్డం పడి నేను చూడనిది ఒకటుంది. గిద్దలూరు నుంచి అక్కను పుట్టింటికి తీసుకుపోవడానికి ఎవరొచ్చినా మామగారు "ఈ ట్రిప్పు పోనీమ్మా" అనేవారు. ఆ ట్రిప్పు పోయి వచ్చేసరికి ఇంకొకటి సిద్ధం. నేను రాచర్లకు ఎప్పుడు పోతానన్నా సరేననేవారు, అదీ నాకు అవమానంగానే తోచేది. ఒకనాడు బియ్యం ఏరుతూ అక్క, "నీదే బాగుంది మే, పోతానంటే నిన్ను ఆపేటోడు లేడు" అంది. ఎగతాళి చేస్తోందనుకుని నేను మూతి తిప్పుకున్నాను.

చలి తగ్గుతున్న రోజుల్లో, అక్క తల్లికి బొత్తిగా బాగాలేదని గిద్దలూరు నుంచి కబురొచ్చింది. వాకిట్లో లారీ లోడయి ఉంది. అది కదిలాక బస్సుకు పోదువులే అన్నారు మామగారు. ఆ బస్సు సాయంత్రానికి గాని లేదు, అప్పటిదాకా ఆ తల్లి ఉంటుందో ఉండదో. మామగారి ఎదుటపడి ఎన్నడూ మాట్లాడని అక్క ఆరోజు వాకిట్లోకి వచ్చింది.

"బస్సెందుకు మామా, లారీ గిద్దలూరు మీదనే గదా పొయ్యేది. నేను దాంట్లోనే పోతా."

"మరి ఎదురు ఎవరొస్తారమ్మా?" అన్నాడు సాయిబు.

"చెల్లెలు లేదా ఏంది?"

మామగారు తలతిప్పి నావైపు చూశారు. నేను ఒక్క పరుగున పోయి పెళ్లినాటి పట్టుచీర చుట్టుకుని, బిందె ఎత్తుకుని లారీకి ఎదురు నడిచాను. తీరా తలెత్తి చూద్దును గదా, అక్క, తోడుగా బయలుదేరిన బావగారి పక్కన క్యాబిన్లో కూర్చుని ఉంది. మా బజారులో ఆడదెవరూ అంతవరకు లారీ ఎక్కి ఎరగదు. అందరూ అరుగులెక్కి ఆమెనే చూస్తున్నారు, బిందె పట్టుకున్న నన్ను చూసినవాడు ఒక్కడు లేడు. నా జన్మలో అంత అసూయ పడలేదు. తల్లి కోసం ఏడుస్తున్న మనిషిని చూసి పడ్డానంటే ఎంత పడ్డానో ఊహించుకోండి.

అక్క వేళకు చేరింది. తల్లి నోట్లో ఆఖరి నీళ్లు తనే పోసింది. ఆ లోడులోనూ పలక పగలలేదు గనుక అప్పటినుంచి ఎదురు నాదైంది. కొన్నాళ్లు మహా మురిసిపోయాను. ఎండాకాలంలో రాచర్లలో మా తమ్ముడి పెళ్లి పెట్టుకుంటే మామగారు నాతోనూ ఈ ట్రిప్పు పోనీమ్మా అన్నారు. లారీ అడుగున కమాను పట్టీ విరిగి అది కదలడం ఆలస్యమైంది. నేను పోయేసరికి పందిరి విప్పుతున్నారు. ఇంటి తరఫున ముందుగా వెళ్లిన అక్క తలంబ్రాలు ఎంత బాగా పోసుకున్నారో నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. నా తమ్ముడి పెళ్లి ఆమె చూసింది, నేను చూడలేదు.

అక్క పోయి చాలా కాలమైంది. బావగారు ఉండగానే పసుపుకుంకుమలతో పోయింది, అక్కడా ఆమెదే పైచేయి. నాకు ఆ భాగ్యం లేకపోయింది. మా ఆయన పోయిన నాటి నుంచి లారీ ఇంజను చప్పుడు వినబడితే నా కాళ్లు వాటంతటవే లోపలికి నడుస్తాయి. పొమ్మని ఎవరూ అనలేదు, అయినా తలుపు చాటున నిలబడి అది మలుపు తిరిగిందాకా బయటికి రాను. మనవడికి ఇప్పుడు ఎన్ని లారీలున్నా శకునాల ఊసే పట్టదు, ఏ బండి ఎక్కడుందో ఫోన్లో చూసుకుంటాడు. అతని భార్య బయలుదేరుతున్న లారీ ముందు నుంచే ఫోన్లో నవ్వుకుంటూ దాటిపోతుంది. ఆ పిల్లకు ఎదురు రావాలన్న ఆశ లేదు, రాకూడదన్న భయమూ లేదు. తలుపు సందులోంచి ఆమెను చూస్తే ఈ వయసులోనూ నాకు కుళ్లే.