ఏడు డబ్బాల పరీక్ష

లిఫ్టు మెకానిక్కుది ఒంట్లో కాపలా కాయాల్సిన శక్తే కీళ్ల మీద తిరగబడే జబ్బు. డాక్టరిచ్చిన మందుకు నొప్పులు తగ్గాయి గానీ నీరసం వదల్లేదు. "ఒకేసారి రెండు పార్టులు మార్చకండ్రా, ఏది పనిచేసిందో తెలిసి చావదు" అని కిందివాళ్లను తిట్టే మనిషి, ఇంట్లో ఏడు రకాల పొడులూ బిళ్లలూ ఒకేరోజు మొదలెట్టాడు. సాయంత్రం ఇంటికి రాగానే నీరసానికి పదికి ఇన్నని మార్కులు వేసుకునేవాడు. మూడో వారంలో తొమ్మిది కాస్తా నాలుగుకు దిగింది.

"అంతా ఆ ఏడింట్లో నాచుపొడి మహిమే," అన్నాడు భార్యతో.

"ఆర్నెల్లుగా మూలపడ్డ మన అపార్టుమెంటు లిఫ్టును మీరు బాగుచేసింది ఆ వారమేగా. అయిదంతస్తులు ఎక్కే బాధ తప్పింది. నమ్మకం లేకపోతే ఏడూ మింగుతూనే ఒక వారం మెట్లెక్కి చూడండి."

ఆ పరీక్షకు మాత్రం అతనికి ఓపిక లేకపోయింది.