తొక్కకుండానే దిగిన క్లచ్

మా ఇంట్లో దిష్టి తీసేది మా అత్తమ్మ, నవ్వేది నేను. బోధన్‌లో మాకు విత్తనాల దుకాణం ఉంది, దాన్ని నేనే నడుపుతాను. మొలకెత్తని గింజకు కూడా ఒక కారణం ఉంటుందని రైతులకు చెప్పే మనిషిని. దయ్యమనో, గాలి సోకిందనో ఎవరైనా అంటే మర్యాదకు విని ఊరుకునేదాన్ని. కిందటి చలికాలం నుంచి నవ్వడం మానేశాను. అంతకు మించి దేన్నైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

నిజామాబాద్‌లో ఉండి రోజూ బోధన్ పోయి వస్తాను కాబట్టి పాత చిన్న కారు ఒకటి కొనుక్కున్నాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఎక్సలేటర్ తొక్కితే ఇంజిన్ అరిచేది గానీ బండి కదిలేది కాదు. బ్రిడ్జి ఎక్కుతుంటే కాలిన వాసన.

దుకాణం వెనక వీధిలో నర్సింలు అని మెకానిక్ ఉన్నాడు. నడిపి చూసి, క్లచ్ ప్లేట్ అరిగిపోయిందన్నాడు. గేర్ మార్చాక కూడా నేను ఎడమ కాలు పెడల్ మీదే ఆనించి ఉంచుతున్నానని, ఆ కాస్త బరువుకే ప్లేట్ జారి జారి కాలిపోతుందని చెప్పాడు. గేర్‌బాక్స్ దించి, క్లచ్ సెట్టు మొత్తం కేబుల్‌తో సహా కొత్తది వేశాడు. అప్పుడే చలి మొదలవుతోంది.

పని చేస్తుండగా అతనికి ఇంకోటి కనిపించింది. ఎడమ సీటు ముందు, మ్యాట్ కింద, రెండు రంధ్రాలు, వాటికి రబ్బరు బిరడాలు. ఒకప్పుడు ఇది డ్రైవింగ్ నేర్పిన బండి అట. నేర్పే మనిషి కోసం ఆ పక్కన కూడా ఒక క్లచ్, ఒక బ్రేక్ ఉంటాయి, అమ్మేటప్పుడు వాటిని తీసేస్తారు. బండి ఎవరిదో కూడా నర్సింలుకు తెలుసు. హమీద్ సాబ్ అని, బోధన్‌లో ఎంతోమందికి స్టీరింగ్ పట్టడం నేర్పిన మనిషి. పక్షవాతంతో మంచాన పడ్డాక ఇంట్లోవాళ్లు అమ్మేశారు.

కొత్త క్లచ్ మెత్తగా ఉంది. అయితే ఒకరోజు అలవాటు కొద్దీ కాలు దాని మీద ఆనించానో లేదో, పెడల్ నా పాదం కింద నుంచి జారి నేల దాకా దిగిపోయింది. ఇంజిన్ ఒక్కసారి గట్టిగా అరిచింది. ఉలిక్కిపడి కాలు తీశాను. పెడల్ నిదానంగా పైకి వచ్చింది.

తర్వాత అది తరచుగా జరగసాగింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర గేర్ మార్చడం మరిచిపోతే, నేను కాలు పెట్టకముందే పెడల్ దిగి ఉండేది.

నర్సింలు బండి తీసుకుని ఎడపల్లి దాకా పోయి వచ్చాడు. అతనికి ఏమీ కాలేదు. కేబుల్ విప్పి చూశాడు. అది తెగితే పెడల్ కింద పడిపోయి మళ్లీ లేవదు. ఇది లేస్తోంది.

"కేబుల్ బండి అక్కా ఇది," అన్నాడు. "ఎవరన్న తొక్కితేనే దిగుతది."

అయితే తెలియకుండా నేనే తొక్కుతున్నాననుకున్నాను. కొన్నాళ్లు ఆ మాటతోనే నన్ను నేను సముదాయించుకున్నాను.

చెరకు నరికే రోజుల్లో ఒక ఉదయం మా అమ్మాయి శ్రావ్య నా పక్కన కూర్చుంది. మంచు ఇంకా విడలేదు. ఎడపల్లి దాటాక మా ముందు చెరకు ట్రాక్టర్ ఒకటి పోతోంది. గడలు రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చి ఎదురుగా ఏముందో కనపడనివ్వడం లేదు. చాలాసేపు ఓపిక పట్టాను. ఇక దాటేద్దామని స్టీరింగ్ కుడికి తిప్పబోతూ ఎక్సలేటర్ తొక్కాను.

క్లచ్, బ్రేక్ రెండూ ఒకేసారి దిగిపోయాయి. బండి ఉన్నచోటే నిలబడింది. మంచులోంచి లైట్లు లేని లారీ ఒకటి వచ్చి మా పక్క నుంచి దూసుకుపోయింది. మేము ఆ పాటికి దాని ఎదురుగా ఉండాల్సింది.

శ్రావ్య లారీని చూడలేదు. నా కాళ్లకేసి చూస్తోంది. ఇంజిన్ ఇంకా అరుస్తూనే ఉంది, ఎందుకంటే నా కుడి కాలు ఎక్సలేటర్ మీదే ఉంది.

"అమ్మా, బ్రేక్ మీద నీ కాలు లేదు," అంది.

ఆ రోజే కారు అమ్మేయాలని నిర్ణయించుకున్నాను. అమ్మేముందు హమీద్ సాబ్ ఇంటికి ఒకసారి పోవాలనిపించింది. నర్సింలు ఇల్లు చూపించాడు. ఆయన కిటికీ పక్కన మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకుని ఉన్నారు. మాట లేదు. ఎడమ పక్క పూర్తిగా పడిపోయింది, కుడి పక్క కూడా దాదాపు అంతే. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. మీ పాత కారు నా దగ్గర ఉంది, ఇప్పుడు అమ్మేద్దామనుకుంటున్నాను అని మాత్రమే చెప్పాను. పెడల్ సంగతి ఎత్తలేదు.

ఆమె తన బాధలు చెప్పుకోవడం మొదలుపెట్టింది. చలి మొదలైనప్పటి నుంచి ఆ చచ్చుబడిన ఎడమ కాలు ఉన్నట్టుండి కదులుతోందట. వణకడం కాదు, దేన్నో తొక్కినట్టు జాపి, నిదానంగా వెనక్కి తీసుకుంటారట. పొద్దున దుకాణాలు తెరిచే ముందు కాసేపు, సాయంత్రం చీకటి పడే ముందు కాసేపు. ఆదివారం మాత్రం కదలదట. డాక్టరేమో నరాలు గుంజుకుపోవడం అన్నాడట.

"మొన్న మంచు బాగ పడ్డ రోజు, పొద్దుగాల, రెండు కాళ్లు తన్నిండ్రు బేటీ," అంది. "మంచం పోయి గోడకు తాకింది. ఒళ్లంత చెమట. గట్లెన్నడు చెయ్యలే."

చాయ్ కప్పు కింద పెట్టి, అప్పుడు ఆమెకు అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆయన పాదాల మీద దుప్పటి సర్దింది.

"బండి అమ్మకు బేటీ," అంది. "గా కాలొక్కటే కదుల్తది ఆయనది."

వాకిలి దాకా వచ్చి, ఆదివారం కూడా బండి కాస్త తిప్పడానికి వీలవుతుందా అని మెల్లగా అడిగింది.

బండి అమ్మలేదు. శ్రావ్య మాత్రం మళ్లీ అందులో ఎక్కలేదు. మా ఆయన అంతా కాకతాళీయం అంటాడు. కాలు సంగతి డాక్టరు చెప్పాడు, కేబుల్ సంగతి నర్సింలు చెప్పాడు, ఎవరికి వారు సరిగ్గానే చెప్పి ఉంటారు. ఆ రెంటినీ కలిపి చెప్పగలిగేవాళ్లు నాకింకా దొరకలేదు. నాకూ తెలియదు.

ఆదివారం దుకాణం బంద్. అయినా బండి తీసి బోధన్ రోడ్డు మీద కొంత దూరం పోయి వస్తాను. నేను ఇల్లు చేరాక ఆమె ఫోన్ చేస్తుంది. ఎక్కువ మాట్లాడదు. "కదిలింది," అంటుంది, పెట్టేస్తుంది.