గేటు బల్లకు సరిపడిన బ్రౌజర్

కరోనా తగ్గి హాస్టళ్లు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను వంటింటి నుంచి గేటు డ్యూటీకి మార్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో ఉన్న ఆడపిల్లల హాస్టలు మాది. గేటు డ్యూటీ వార్డెన్ కింద పని. పిల్ల బయటికి పోతే ‘అవుట్’, తిరిగొస్తే ‘ఇన్’ పెట్టాలి. గేటు మూసే వేళకు ఎవరికి ‘ఇన్’ పడలేదో వాళ్ల ఇంటికి వార్డెన్ ఫోన్ చేస్తుంది. తప్పు పడిందంటే ఊళ్లో ఒక తల్లికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

నాకు అంకెలు వస్తాయి, అక్షరాలు కూడబలుక్కోవాలి. అయినా మొదట్లో ఇబ్బంది లేకపోయింది. గోడకు రూమ్ నంబర్ల బిళ్లలు వేలాడేవి. పోయే పిల్ల తన బిళ్లను ఎర్రవైపు తిప్పేది, వచ్చాక పచ్చవైపు తిప్పేది. ముఖాలన్నీ నాకు తెలుసు. అట్లా సాగుతుండగా మా ఓనరు సత్తయ్య సార్ బిళ్లలు తీయించి హాజరంతా కంప్యూటర్లో పెట్టించాడు. తల్లిదండ్రులు ఊళ్లో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చని. ఆలోచన మంచిదే. గేటుకు ఇచ్చింది మాత్రం ఆఫీసులో పాతబడి పక్కన పడేసిన కంప్యూటర్.

మొదటి సాయంత్రమే లైను రోడ్డు దాకా పోయింది. పేజీ తెరుచుకోదు. తెరుచుకుంటే పేర్లు చీమల్లా ఉన్నాయి.

“ఆంటీ, జల్ది! గిది తెరిచేలోపు నేను ఎల్బీ నగర్ పోయొస్త,” అంది ఒక పిల్ల.

“వచ్చేటప్పుడు ఆంటీకి చాయ్ పట్టుకరా,” అంది వెనకున్న పిల్ల.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఒకరి గుర్తు ఇంకొకరికి పడింది. సర్దబోయి మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే పేజీ మొత్తం పోయింది, మళ్లీ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. అది కొట్టడం నాకు రాదు.

సత్తయ్య సార్ కోపం చేయలేదు. “యాదమ్మా, నెలాఖరు దాక చూస్త. గప్పటికీ గాకపోతే చదువుకున్న పిల్లను పెట్టుకుంట. ఏమనుకోకు,” అన్నాడు. నా భర్త పోయాక మెట్ల కింద గది ఆ ఉద్యోగంతోపాటే దొరికింది. ఉద్యోగం పోతే గదీ పోతుంది.

మూడో అంతస్తులో సుజాత మేడం ఉండేది. తెనాలి మనిషి, కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. నా అవస్థ చూసి కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుంది. “మీరు మామూలుగా ఎలా చేస్తారో అలాగే చేయండి యాదమ్మ గారూ. నేను చూస్తానండి,” అంది. ఒక సాయంత్రమంతా అట్లా చూసింది, మౌసు ముట్టుకోలేదు.

ఇంటర్నెట్ పేజీలను తెరిచి చూపించే ప్రోగ్రామును బ్రౌజర్ అంటారని, అవి చాలా రకాలని ఆమె చెప్పాకే నాకు తెలిసింది. మా కంప్యూటర్లో ఉన్నది కొత్త యంత్రాలకు బాగుంటుందట. మా పాతదానికి మెమరీ తక్కువ. అంటే ఒకేసారి పనులు పరుచుకునే జాగా తక్కువ. దాంట్లోనే సార్ పగటిపూట గేటు దగ్గర కూర్చుని ఫీజుల లెక్కలు చూసుకుని, ఆ పేజీలు కూడా తెరిచే ఉంచేవాడు. ఇక హాజరుకు చోటెక్కడిది?

ఇంకో బ్రౌజర్ పెట్టి చూసింది. అది పేజీని పైకి చదువుతుంది. చదువు రాని నాకు ఇదే సరి అనుకున్నాను. అంతలో అది పిల్ల పేరు, రూమ్ నంబరు గట్టిగా చదివింది. ఎదురుగా పాన్ డబ్బా, దాని ముందు నలుగురు మగవాళ్లు. గబుక్కున స్పీకరు మీద చెయ్యి పెట్టాను.

“మేడం, గిది వద్దు. ఆడపిల్ల ఏ రూముల ఉంటదో గల్లీకి తెల్వొద్దు.”

“నిజమేనండి. పోనీ చెవిలో పెట్టుకుంటారా?”

“చెవులు మూసుకుంటే గేటు సప్పుడెట్ల ఇనవడ్తది?”

“అయితే ఇది మనకు కాదు,” అని తీసేసింది.

మూడోది చిన్నది, హంగులు లేనిది. పాత యంత్రంలో కూడా తేలిగ్గా నడిచింది. హాజరు పేజీలో పిల్లల ఫొటోలు చూపించే వీలు మొదటినుంచీ ఉందట. ఇదివరకు బరువుకు తెరుచుకునేది కాదు, ఇప్పుడు తెరుచుకుంది. కింద రూమ్ నంబర్లు పెద్దగా కనిపించేట్టు పెట్టింది. పొరపాటున మూసినా, మళ్లీ నొక్కితే నేరుగా ఆ పేజీయే వస్తుంది, పాస్‌వర్డ్ అడగదు.

సార్ ఒప్పుకోలేదు. “పాస్‌వర్డ్ అడగకపోతే ఎవరు కూసున్నా నా లెక్కలు తెరుస్తరు గద?”

“అందుకే రెండు బ్రౌజర్లండి. ఒకదాంట్లో దాచుకున్న పాస్‌వర్డ్ రెండోదాంట్లోకి పోదు. మీ లెక్కలు పాతదాంట్లో చూసుకుని, లాగౌట్ చేసి మూసేయండి. గేటుకు విడిగా లాగిన్ ఇప్పించండి, అందులో హాజరు తప్ప ఇంకేమీ ఉండదు.”

“అంటే అత్తకో పొయ్యి, కోడలికో పొయ్యి.”

“అంతేనండి. గొడవలుండవు.”

“మరి గీంట్ల అత్తెవరు?” అన్నాడు సార్ నా వైపు చూస్తూ.

నెలాఖరున పెద్ద వాన పడింది. మూసారాంబాగ్ దగ్గర రోడ్డు మీద నీళ్లు నిలిచి, పిల్లలంతా తడిసి ఒక్కసారిగా వచ్చారు. సార్ నా వెనకే నిలబడ్డాడు. నేను ముఖం చూశాను, ఫొటో చూశాను, నొక్కాను. లైను ఆగలేదు. గేటు మూసే వేళకు ఒక్క ఫొటో ఎర్రగా మిగిలింది. అది మమత అనే పిల్లది.

“గింతమంది ఒక్కపారి ఒచ్చిన్రు. నువ్వు చూడంగ లోపలికి పోయిందేమో?” అన్నాడు సార్.

“రాలేదు సార్. ఒస్తే నేను నొక్కేదాన్ని.”

వార్డెన్ పైకి పోయి చూసింది, గది ఖాళీ. మమతకు ఫోన్ చేస్తే ఎల్బీ నగర్‌లో ఆటో దొరక్క ఒక దుకాణం షట్టరు కింద ఒంటరిగా నిలబడి ఉంది. సార్ తన బండి తీసుకుని వార్డెన్‌ను ఎక్కించుకుని పోయాడు. ఆ పిల్ల చెప్పులు చేతబట్టుకుని గేటు దాటాక నేను ‘ఇన్’ నొక్కాను. సార్ తల తుడుచుకుంటూ, “ఇగ వేరే ఎవర్నీ చూసేది లేదు యాదమ్మా. నువ్వే ఉండు,” అన్నాడు.

పోయినేడు మోకాళ్లు సహకరించక మానేసేదాకా ఆ కుర్చీలోనే పనిచేశాను. ఏ బ్రౌజర్ మంచిదని ఎవరైనా అడిగితే నేను పేరు చెప్పను. కంప్యూటర్ ఎంత పాతది, దాని ముందు ఎంతమంది కూర్చుంటారు, వాళ్లకు ఏం చదవడం వస్తుంది, పక్కన వినేవాళ్లు ఎవరు, ఇవి అడుగుతాను. ఇవన్నీ తెలియాలంటే పనిచేసే మనిషి పక్కన ఒక పూట ఊరికే కూర్చుని చూడాలి. నా పక్కన సుజాత మేడం అట్లా కూర్చుంది కాబట్టి నా ఉద్యోగం నిలిచింది.