మా బాబాయి మూసిన కవర్లు

మా బాబాయి చీటీ తీయందే దేన్నీ నమ్మడు. పెద్దాసుపత్రిలో కొత్త మందుల పరీక్షలకు లెక్కలు చూసేవాడు. నేను ఆయన కిందే పనిచేశాను. ఏ రోగికి మందు, ఏ రోగికి ఉత్త బిళ్ళ అన్నది మూసిన కవరులో చీటీయే తేల్చాలి. కవరును వెలుతురుకెత్తి చూసిన ఒక డాక్టరుతో ఆయన ఏడాదిపాటు మాట్లాడలేదు.

ఒకసారి గుండె డాక్టరుగారు ఎనిమిదేళ్ళ పరిశీలన మోసుకొచ్చారు. పొద్దున్నే నడిచేవాళ్ళు ఎక్కువకాలం బతుకుతున్నారట.

"చీటీ తీశారా?" అన్నాడు బాబాయి.

"నాలుగువేల మందిని చూశామండీ."

"చూశారు, సరే. నడవబట్టి బాగున్నారా, బాగుండబట్టి నడుస్తున్నారా? మంచం దిగలేనివాడు మీ పార్కుకి రాడు కదా."

డాక్టరుగారు ఎనిమిదేళ్ళనూ చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి ఆయనే పొద్దున్నే నడవడం మానేశారు.

నాకు పెళ్ళి కుదిరిందని, పిల్ల నచ్చిందని చెప్పినా అదే ప్రశ్న. "చీటీ తీశావా?"

ఇంతలో పిన్నికి మోకాలు అరిగింది. మెట్లెక్కితే ఆపరేషన్ తప్పదన్నారు. పిన్ని మాత్రం డాబా మీద ఆరేయడానికి తడిబట్టల బకెట్టుతో మూడంతస్తులూ ఎక్కడం మానదు. ఎవరైనా జాలిపడితే ఆవిడకు ఒళ్ళుమంట.

"ముప్ఫయ్యేళ్ళుగా ఎక్కుతున్నా, ఏమైంది?" అంది.

"నువ్వొక్కదానివి లెక్కలోకి రావు. ట్రయల్ పెడదాం. రోజూ కవరు తియ్యి. ఎవరి చీటీ వస్తే వాళ్ళు ఎక్కాలి."

మూడు నెలలు గడిచాయి. ఎప్పుడు వెళ్ళినా మెట్ల మీద రొప్పుతూ బాబాయే. "పాపం, మీ బాబాయికి అదృష్టం లేదురా," అనేది పిన్ని సోఫాలోంచి. ఆపరేషన్ మాట డాక్టర్లు మళ్ళీ ఎత్తలేదు.

ఒకరోజు పెన్ను కోసం సొరుగు లాగితే ఆ కవర్లు కనిపించాయి. ఆగలేక నాలుగు విప్పాను. నాలుగింట్లోనూ 'భర్త' అనే ఉంది. ఒక్క కవరు అంచు లేచిందని నాచేత రెండొందల కవర్లు మళ్ళీ అంటించిన మనిషి! నాకు ఒళ్ళు మండి డాబా ఎక్కాను.

"ఇది ట్రయల్ కాదు బాబాయ్, దగా."

బట్టలారేస్తున్న బాబాయి నోట్లోంచి క్లిప్పులు తీసి, పిన్ని వింటోందేమోనని మెట్ల వైపు చూశాడు.

"ట్రయల్ అని మీ పిన్నికి చెప్పాన్రా. నిజానికిది పరిశీలన. ముప్ఫయ్యేళ్ళుగా ఆవిణ్ణి చూస్తున్నా. చెబితే వినే మనిషి కాదు."

"మరి చీటీ తీయకుండానే నమ్మేశావా?"

"ఆవిడ విషయంలో చూస్తే చాల్లే," అని బాబాయి తడిచీర రెండో కొస నా చేతికిచ్చాడు.