ఎక్కిన గేర్లోనే దిగాలి

ముప్పయ్యేళ్ళ వయసులో మనిషికుండే ధైర్యంలో సగం తెలియనితనమేనని ఇప్పుడు ఎవరన్నా అంటే వెంటనే ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో అయితే ఆ మాట అన్నవాళ్ళను కారెక్కించి, తిప్పి చూపించి మరీ వాదించేవాణ్ణి. ఎందుకంటే నా దగ్గర అలాంటి కారుండేది. ఐర్లండులో, సిటీవెస్ట్ అనే చోట మా అపార్ట్‌మెంట్ కింద నిలబెట్టుకున్న ఆల్ వీల్ డ్రైవ్ ఫ్యామిలీ కారు. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. సెకండ్ హ్యాండ్‌దే అనుకోండి, కానీ అమ్మినాయన "ఇది గోడ కూడా ఎక్కేస్తుంది" అన్నాడు, నేను దాన్ని వేదవాక్కులా గుండెల్లో దాచుకున్నాను. (ఇంటి నుంచి నా ఆఫీసుకు ఏడు నిమిషాల నడక. దారిలో ఎక్కవలసిన గోడలేవీ లేవు.)

ఆ చలికాలం మా మామగారు మాతో కొన్నాళ్ళు ఉందామని వచ్చారు. ముప్పయ్యేళ్ళు పాడేరు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపి రిటైరైన మనిషి. అన్నీ బాగున్నాయి గానీ అల్లుడికి ఎదురు చెప్పడం ఆయన లెక్కలో మహాపరాధం. నేను ఉప్మా మాడిస్తే "కమ్మగా ఉందండి" అనేవారు. బస్టాపు ఎటో తప్పు చూపిస్తే, తప్పని తెలిసి కూడా కాసేపు అటే నడిచి, నేను లోపలికెళ్ళాక వెనక్కి తిరిగేవారు. మరీ చెప్పక తప్పని సంగతైతే నాకు వినపడేలా మా ఆరేళ్ళ అమ్మాయికి చెప్పేవారు. నేను పొయ్యి పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నా సరే, "బుజ్జమ్మా, పాలు పొంగిపోతన్నాయమ్మా" అనేది హాల్లో కూర్చున్న ఆ పిల్లతోనే. అది "ఓకే, తాతా" అని మళ్ళీ టీవీలో పడేది. పాలు మాత్రం మర్యాదలు చూసుకోకుండా పొంగిపోయేవి.

ఒక శనివారం పొద్దున్నే మంచు పడింది. మా ఆవిడ డాక్టరు, ఆ రోజు డ్యూటీ. బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "నాన్నకి మంచు చూపించాలంటే కింద పార్కుకి తీసుకెళ్ళు చాలు. కొండల వైపు మాత్రం వెళ్ళకు" అని చెప్పి లువాస్ ట్రాము ఎక్కడానికి వెళ్ళిపోయింది. నేనూ బుద్ధిగానే తలూపాను. కానీ అరగంట తర్వాత మామగారు కిటికీలోంచి చూసి, "మంచంటే ఇంతేనేటి, బుజ్జమ్మా?" అన్నారు. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. గోడలెక్కే కారు కింద పెట్టుకుని ఆయనకు పార్కు చూపిస్తానా? పావుగంటలో ముగ్గురం విక్లో కొండల దారి పట్టాం.

కారు జంకకుండా ఎక్కింది. నాకిక నోరు ఆగలేదు. నాలుగు చక్రాలూ ఎలా పట్టుకుంటాయో, మంచు దీన్ని ఎందుకు ఏమీ చేయలేదో ఉపన్యాసం ఇచ్చాను. మామగారు అన్నిటికీ "అలాగేనండి" అని, వెనక్కి తిరిగి, "బుజ్జమ్మా, ఎక్కడం ఏటి గొప్పమ్మా, గేదె కూడా ఎక్కుద్ది. దిగడంలోనే ఉంటాది. ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాల" అన్నారు. ఇది ఆటోమేటిక్ అనీ, గేర్ల సంగతి అదే చూసుకుంటుందనీ నేను గాలిలోకి సమాధానం చెప్పాను. (గేరు కర్ర పక్కన ప్లస్, మైనస్ గుర్తులుండేవి. అవి రేసులు ఆడేవాళ్ళ కోసమని ఆరు నెలలుగా నా నమ్మకం.)

పైన మామగారు మంకీ క్యాపు సర్దుకుని చిటికెడు మంచు నోట్లో వేసుకున్నారు. "పుల్ల ఐసులో చక్కెర మర్చిపోయారు" అని తీర్పు చెప్పి, డిపో స్నేహితులకు పంపడానికి ఫోటో తీయించుకున్నారు.

దిగేటప్పుడు చూస్తే రోడ్డు మారిపోయింది. అంతకుముందు వెళ్ళిన బళ్ళు మంచును తొక్కి తొక్కి నున్నగా చేసేశాయి. నేనేమో వచ్చిన వేగంతోనే పోతున్నాను. "బుజ్జమ్మా, ఇక్కడ మన బస్సయితే గేరు దించేస్తామమ్మా." నేను వినలేదు. "బుజ్జమ్మా, బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం ఆగుద్ది, బండి ఆగదమ్మా." ఈసారి పిల్లకే విసుగొచ్చింది. "వై ఆర్ యూ టెల్లింగ్ మీ, తాతా? అయామ్ సిక్స్" అంది.

మలుపు అప్పుడే వచ్చింది. నేను బ్రేకు తొక్కాను. కాలి కింద పెడలు గడగడ వణికింది గానీ కారు ఆగలేదు. నాలుగు చక్రాలూ ఏకగ్రీవంగా జారడం మొదలుపెట్టాయి. ఎడమవైపు రోడ్డు అంచు దాటితే నల్లటి బురదనీళ్ళ గుంట. ఆ వైపునే ముందు మామగారు, ఆయన వెనక నా కూతురు. గుమ్మంలో నిలబడి కొండల వైపు వెళ్ళకు అన్న మా ఆవిడ ముఖం కళ్ళముందు కదిలింది. ఇంకా గట్టిగా తొక్కాను.

"ఒరే, బ్రేకు మీద కాలు తీసెయ్."

గొంతు పెంచలేదు. కానీ ముప్పయ్యేళ్ళు నిండు బస్సును లోయ అంచున తిప్పిన గొంతు అది. నా కాలు నన్నడగకుండానే లేచింది. "స్టీరింగు రోడ్డు వైపు తిప్పు. మెల్లగా. ఇప్పుడా కర్ర పక్కకి లాగు. కిందికొకటి. ఇంకోటి." ఇంజను గుర్రుమంది. కారు వేగం తగ్గించుకుని, టైర్లకు పట్టు దొరికి, అంచుకు జానెడు దూరంలో మళ్ళీ రోడ్డెక్కింది. "ఇంక కాలెట్టకు. బండే దిగుద్ది." అలాగే దిగింది. మా పక్కన నడుస్తున్న గొర్రె ఒకటి మాకన్నా ముందే కిందికి చేరింది.

కింద ఒక గార్డు, అంటే ఇక్కడి పోలీసాయన, రోడ్డు మూయడానికి అడ్డాలు పెడుతున్నాడు. మమ్మల్ని చూసి, పైనుంచి ఎలా వచ్చారని అడిగాడు. మా అమ్మాయి అద్దం దించి, "తాతా గేవ్ అవుట్ టు డాడీ" అని చెప్పింది. ఐర్లండు ఇంగ్లీషులో అంటే తాతయ్య నాన్నకు చీవాట్లు పెట్టాడని. గార్డు నవ్వి, "దట్స్ గ్రాండ్" అని దారిచ్చాడు.

కాస్త ముందుకెళ్ళి కారు పక్కకు ఆపేశాను. వెనక్కి తిరిగి పిల్ల బుగ్గ ముట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది. ఆ క్షణంలో నాకు కలిగినంత సంతోషం పెళ్ళిలో కూడా కలగలేదు. మామగారు ఫ్లాస్కులోంచి కాఫీ పోసి అందించారు. "తాగండి బాబూ. ఏదో కంగారులో అనేశాను, మనసులో పెట్టుకోకండి." సాయంత్రం మా ఆవిడకు మా అమ్మాయే అంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఆవిడ అరవలేదు. ముందు పిల్లను, తర్వాత వాళ్ళ నాన్నను, చివరికి నన్ను తడిమి చూసి, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఇప్పుడు చలికాలం ముందే టైర్లు మార్పిస్తాను, వాతావరణ సూచన చూడందే కొండెక్కను. పోయిన ఏడాది మామగారు మళ్ళీ వచ్చారు. మంచు కరిగిపోయిన ఒక మధ్యాహ్నం అదే దారిలో, ఎక్కిన గేర్లోనే దిగుతూ, బ్రేకు ముట్టుకోకుండా ఆ మలుపు దాటాను. ఆయన వెనక్కి తిరిగి, ఇప్పుడు ఆయనకన్నా పొడుగైన మనవరాలితో, "బుజ్జమ్మా, మీ నాన్న బాగా తోలతన్నారమ్మా" అన్నారు. అంతకన్నా పెద్ద మెప్పు నాకెక్కడా దొరకదు. అయినా సరే, నెత్తి మీద జుట్టు పల్చబడిన ఈ వయసులో, ఆ మలుపు దగ్గర నా చెవి ఇంకో మాట కోసం ఎదురుచూసింది. ఆయన నన్ను కొడుకులా "ఒరే" అన్నది ఆ ఒక్కసారే.